నడిసంద్రమున యంత్రము ఆగినప్పుడు
(ఆంధ్ర తీరపు చేపల పడవల చరిత్రలో ఒక అధ్యాయము)

బాటపై పోవు బండి ఇరుసు విరిగినచో బండి విరిగినచోటనే నిలిచియుండును. బండివాడు ఎద్దులను విప్పి చెట్టునీడను కట్టి, ప్రక్క ఊరికి నడచిపోయి వడ్రంగిని వెంటబెట్టుకొని రాగలడు. సముద్రముపై అట్లు కాదు. యంత్రము ఆగిన పడవ ఆగినచోట నిలువదు. గాలి దానిని ఒక దిక్కునకు నెట్టును, నీటివాలు మరియొక దిక్కునకు లాగును. సహాయమునకు వచ్చినవారు చెప్పిన తావునకే వచ్చినను అక్కడ పడవ ఉండదు. కావున సముద్రమున పడవ చెడిపోవుట కేవలము మరమ్మతుకు సంబంధించిన విషయము కాదు. అది కాలముతోను, దూరముతోను, మనుష్యుల ప్రాణములతోను ముడివడిన విషయము.

ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల తీరమున వాడబలిజలు, జాలరులు, అగ్నికుల క్షత్రియులు, పల్లెకారులు మున్నగు గంగపుత్రులు తరతరములుగా ఈ ఆపదను ఎదుర్కొనుచు వచ్చిరి. పడవ మారినకొలది ఆపద స్వరూపమును మారినది, దానిని దాటు ఉపాయములును మారినవి. రాజుల చరిత్రలలో దీనికి చోటు దొరకలేదు. అయినను తీరవాసుల జీవితమున ఇది చిన్న చరిత్ర కాదు.

తెప్పయు, నావయు

పూర్వము మన తీరమున చేపలవేటకు ముఖ్యసాధనము తెప్ప. తేలిక జాతి దుంగలను చెక్కి, త్రాళ్ళతోను కొయ్యమేకులతోను బిగించి తెప్పను కట్టుదురు. దానికి అడుగుభాగమున గది లేదు, కావున నీరు నిండుట లేదు, మునుగుట లేదు. అలపై బోల్తాపడినను మనుష్యులు దానిని తిరుగవేసి మరల ఎక్కెదరు. కట్టు తెగినచో త్రాడు, తెరచాప చినిగినచో సూది దారము, తెడ్డు విరిగినచో మరియొక తెడ్డు. ఇంతకు మించిన మరమ్మతు దానికి అక్కరలేదు. తెప్పను కట్టినవాడును, నడుపువాడును, బాగుచేయువాడును తరచు ఒక్కడే. అందుచేత సముద్రమధ్యమున అతనికి తెలియని రోగము తెప్పకు రాదు.

అలల తాకిడి మిక్కుటముగానున్న రేవులలో మసూలా పడవ వాడుకలో నుండెను. ఇనుపమేకు ఒక్కటియు లేక, పలకలను కొబ్బరినారత్రాటితో కుట్టి దీనిని నిర్మింతురు. ఒడ్డున అల కొట్టినప్పుడు పలకలు పగులక కొంచెము వంగును. కుట్ల సందులనుండి నీరు ఊరుచునే యుండును, దానిని ఎత్తిపోయుట పడవపనిలో ఒక భాగము. కాకినాడ ప్రాంతమున పలకలతో కట్టిన నావలు ప్రసిద్ధములు. కోరంగి, తాళ్ళరేవు ఓడకట్టు వడ్రంగుల నేర్పరితనము ఆ నావలయందును కానవచ్చును. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖకు అధిపతిగానుండిన జేమ్స్ హార్నెల్, భారతీయుల పడవలను గూర్చి 1920లో ప్రకటించిన రచనలో ఇట్టి దేశీయ పడవల నిర్మాణమును శ్రద్ధతో పరిశీలించెను.

ఆ కాలపు బెస్తవానికి దారి చూపినవి కొండలు, గుడిగోపురములు, దీపస్తంభములు. విశాఖ ప్రాంతమున డాల్ఫిన్స్ నోస్ కొండను, దాని వెనుకనున్న మరియొక గుర్తును ఒక వరుసకు తెచ్చుకొని తానున్న తావును అతడు నిర్ణయించుకొనెడివాడు. గోదావరీ కృష్ణా ముఖములయొద్ద కొండలు లేవు. అక్కడ నీటి రంగు, అడుగు మట్టి, బారలలో కొలిచిన లోతు అతనికి గుర్తులు. ఈ విద్య యంతయు తండ్రినుండి కొడుకునకు తెప్పపైననే సంక్రమించినది.

అయినను ఆ కాలమును స్వర్ణయుగమనుట సత్యము కాదు. గాలి పడిపోయిననాడు తెప్ప గంటలకొలది కదలక యుండెడిది. గాలి ఎదురైననాడు తెడ్డువేసి చేతులు పడిపోయెడివి. పట్టిన చేప దారిలోనే చెడెడిది. తుపానులో ఎందరు పోయిరో లెక్క వ్రాసినవారు లేరు. కావున యంత్రము వచ్చినప్పుడు తీరవాసులు దానిని వరముగా నెంచుటలో ఆశ్చర్యము లేదు.

యంత్రము వచ్చుట

1952 అక్టోబరులో భారత, నార్వే ప్రభుత్వములును ఐక్యరాజ్యసమితియు ఒక ఒడంబడిక చేసికొనెను. దాని ననుసరించి 1953లో అప్పటి తిరువాన్కూరు–కొచ్చిన్ రాష్ట్రమున, కొల్లము దగ్గరి నీండకరయందు యంత్రపు పడవల ప్రయోగము ఆరంభమయ్యెను. ఆ దశకముననే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పంపిన పాల్ జీనర్ మున్నగు నౌకాశిల్పులు మన తీరములకు తగిన చిన్న యంత్రపు పడవలకు నమూనాలు గీసిరి. కాకినాడలో మత్స్యశాఖవారి పడవల నిర్మాణశాల వెలసెను. 1957లో కొచ్చిన్‌లో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన కేంద్రము, 1963లో అక్కడనే పడవలు నడుపువారికిని యంత్రములు చూచువారికిని శిక్షణశాల ఏర్పడినవి. ఆ శిక్షణశాల శాఖ విశాఖపట్నమున 1981లో నెలకొనెను.

విశాఖ రేవున యంత్రపు పడవలకు క్రమముగా పేర్లు కలిగినవి. మొదట చిన్నదైన పాబ్లో, పిమ్మట రొయ్య, సొర, తుదకు 13 మీటర్ల పొడవుగల సోనా. ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు వేట, సోనా పడవలతో అనేక దినముల వేటయయ్యెను. రొయ్యలకొరకు అవి ఒడిస్సా తీరమును దాటి, వంగదేశపు హుగ్లీ ముఖముననున్న శాండ్‌హెడ్స్ వరకు పోయినవి. ఇటు చిన్న పడవలకును వెనుకభాగమున తగిలించు యంత్రములు వచ్చినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట నారపలకలతో చేసిన ఫైబరు పడవలు తీరమంతట వ్యాపించినవి.

యంత్రము దూరమునిచ్చెను, వేగమునిచ్చెను, రాబడినిచ్చెను. దానితోపాటు పూర్వము లేని ఒక పరాధీనతను గూడ తెచ్చిపెట్టెను. తొలినాటి యంత్రపు పడవలు కొన్నిటిలో తెరచాపయు ఉండెడిది. యంత్రముపై నమ్మకము పెరిగినకొలది తెరచాప ఒడ్డున మిగిలిపోయెను. తెడ్డు ఇంత పెద్ద పడవను కదలింపజాలదు. తెప్పవాడు తన చేతులతో కట్టినదానిని తానే బాగుచేసికొనెడివాడు. యంత్రపు పడవపైనున్న ఏడెనిమిది మందిలో యంత్రపు లోపల ఏమున్నదో ఎరిగినవాడు డ్రైవరు ఒక్కడే, అతడును కొంతవరకే. పడవ పూర్వముకంటె ఎన్నో రెట్లు దూరము పోవుచున్నది, కాని సొంతముగా తిరిగివచ్చు ఉపాయము పూర్వముకంటె తగ్గినది. తరువాతి చరిత్ర యంతయు ఈ లోటును పూడ్చుకొనుటకు జరిగిన ప్రయత్నమే.

యంత్రము ఏల ఆగును?

యంత్రము ఆగుటకు కారణము చాలసార్లు చిన్నదే. డీజిలు యంత్రమునకు నిప్పురవ్వ అక్కరలేదు. లోపల అదిమిన గాలి వేడికే చమురు మండును. కావున చమురు ఎడతెగక, శుద్ధముగా చేరుటయే దానికి ప్రాణము. పీపాలలో తెచ్చిన డీజిలులో నీరు కలిసియున్నచో, నీరు బరువగుటచే తొట్టి అడుగున చేరును. అలలకు పడవ ఊగినప్పుడు ఆ నీరు గొట్టములోనికి పోవును, యంత్రము దగ్గి ఆగును. అట్లే వడపోత మూసికొనిపోవుట, గొట్టములో గాలిబుడగ నిలుచుట. అడుగు మరను విప్పి నీటిని వదలి, వడపోతను మార్చి, చేతిపంపుతో చమురును త్రోయుచు గాలిబుడగలు ఆగువరకు మరను వదులుచేసి పట్టుకొనినచో, అనేక యంత్రములు అక్కడికక్కడే తిరిగి పలుకును.

రెండవది వేడి. యంత్రమును చల్లబరచు సముద్రపునీరు లోనికి వచ్చు రంధ్రమునకు సంచియో నాచో అడ్డుపడును, లేదా పంపును త్రిప్పు బెల్టు తెగును. బయటికి పడు నీటిధార సన్నగిల్లుటయే దీనికి మొదటి సూచన. అది చూచి వెంటనే ఆపినచో యంత్రము దక్కును. కాగిన యంత్రము మూతను తటాలున తీసినచో ఆవిరి ముఖమును కాల్చును, దానిపై చన్నీరు కుమ్మరించినచో ఇనుము పగులును. అది తనంతట చల్లారువరకు ఓపికపట్టుట తప్ప వేరు మార్గము లేదు.

మూడవది పంకాకు వలయో త్రాడో చుట్టుకొనుట. ఇందు తొందరపాటే ప్రమాదము. యంత్రమును బలవంతముగా త్రిప్పినచో ఇరుసు వంగును. యంత్రము నాపి, ఇరుసును చేతితో వెనుకకు త్రిప్పుచు త్రాటికొనను పైనుండి లాగవలయును. అప్పటికిని రానిచో, సముద్రము నెమ్మదిగానున్నప్పుడు మాత్రమే ఒకనిని నడుముకు త్రాడుకట్టి కత్తితో దింపుదురు. యంత్రమును నడపు తాళపుచెవి అతడు పైకి వచ్చువరకు వేరొకని చేతికి చిక్కరాదు. అలలు లేచియున్నప్పుడు పడవ క్రిందికి మనిషిని దింపుట తెలిసి చేయదగిన పని కాదు.

చుక్కాని విరిగినచో పెద్ద తెడ్డును వెనుక కట్టి త్రిప్పవచ్చును. తెడ్డు లేనిచో బొక్కెనను త్రాటితో ఒక ప్రక్కను లాగుచు పోయినను పడవ ఆ ప్రక్కకు తిరుగును. పలకల సందున నీరు ఊరినచో నూనె పూసిన గుడ్డను దూర్చి, లోపలనుండి పలక నొత్తిపెట్టి తాత్కాలికముగా ఆపుదురు. ఇరుసు విరుగుట, గేరు పగులుట మాత్రము సముద్రమున బాగగునవి కావు. అట్టివానికి తోడు పడవయే గతి.

మొదటి గంట

అనుభవజ్ఞుడైన సరంగు యంత్రము ఆగగానే మరకోలను చేత పట్టడు. మొదట లోతు చూచును. లంగరు అందు లోతైనచో లంగరు వేయించును. లోతునకు అయిదు రెట్లు త్రాడు వదలినగాని లంగరు నేలను గట్టిగా పట్టదు. 20 బారల నీటికి 100 బారల త్రాడు కావలయును. ఒడ్డున త్రాటికై వెనుదీసిన రూపాయి అక్కడ జ్ఞాపకము వచ్చును. గోదావరి ముఖములయెదుట కొన్ని చోట్ల ఒడ్డునకు కొలది దూరముననే లోతు అకస్మాత్తుగా పెరుగును. అచ్చట లంగరు అందదు. అప్పుడు వల మూటను గాని, బరువుకట్టిన పట్టను గాని పొడవైన త్రాటితో పడవ ముక్కునుండి నీటిలో విడుతురు. అది నీటిని పట్టి లాగుటచే పడవ ముక్కు అలకు ఎదురుగా నిలుచును, కొట్టుకొనిపోవు వేగము తగ్గును. పడవను బోల్తాకొట్టించునది ప్రక్కనుండి తగులు అల. ముక్కును అలకు నిలుపుకొనిన పడవకు ఆ భయము చాలవరకు తొలగును.

పిమ్మట ఉన్న తావును, ఆగిన వేళను గుర్తించుకొని వార్త పంపవలయును. మరమ్మతు ఫలించునేమో యని మూడు నాలుగు గంటలు చూచి, అప్పుడు కబురుచేయుట తరచు జరుగు పొరపాటు. ఆ గంటలలో పడవ మారుమూలకు పోవును, ఫోను పలుకు దూరము దాటును, చీకటియు పడును. మొదట కబురు, పిమ్మట మరమ్మతు అన్నది మేలైన వరుస. యంత్రము బాగైనచో వచ్చువారికి వలదని చెప్పవచ్చును.

ఆపైన నీళ్ళు, బియ్యము లెక్కచూచి పంచుట. ఉప్పునీరు త్రాగుట ప్రాణహాని. చేపలకొరకు తెచ్చిన మంచుగడ్డలలో శుభ్రమైనవి కరగి త్రాగునీరగును, వాన కురిసినచో పట్టలో పట్టుకొనవచ్చును. తీరము కనబడుచున్నదని ఈదుటకు తెగించుట వలదు. తేలుచున్న పడవ వెదకువారి కంటికి దొరకును, ఈదుచున్న తల దొరకదు.

నీటివాలు చెప్పు కథ

ఆగిన పడవ ఎటు పోవునన్నది ఋతువునుబట్టి యుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన తీరము వెంబడి నీరు ఈశాన్యమునుండి నైరుతికి, అనగా చెన్నపట్టణపు దిక్కునకు పారును. ఫిబ్రవరి మొదలు మే వరకు ఆ వాలు తిరుగబడి, నైరుతినుండి ఒడిస్సా, వంగ తీరముల దిక్కునకు సాగును. దీనికి గాలి తోడగును. గంటకు ఒక మైలు చొప్పున కొట్టుకొనిపోయినను ఒక దినమునకు 24 మైళ్ళు.

వెదకువారి దృష్టితో చూచినచో ఈ లెక్క మరింత కఠినము. దిక్కు తెలియనిచో, గంటకు ఒక మైలు పోవు పడవను 10 గంటల పిమ్మట వెదకువాడు 10 మైళ్ళ వ్యాసార్ధముగల వలయమును గాలింపవలయును. దాని వైశాల్యము 300 చదరపు మైళ్ళకు మించును. కాలము రెట్టింపైనచో వైశాల్యము నాలుగు రెట్లగును. కబురు ఒక గంట ముందు చేరుటకు గల విలువ ఇది.

2022 జూలైలో మచిలీపట్నము ప్రాంతమునుండి వేటకు వెళ్ళిన నలుగురి పడవ యంత్రము చెడి, వారితో మాటలు తెగిపోయెను. వారికొరకు గాలింపు జరిగెను. కొన్ని దినములకు వారు తమ రేవునకు ఈశాన్యముననున్న కోనసీమ తీరమున ప్రాణములతో ఒడ్డుచేరిరి. ఇండ్లలోనివారికి ఆ దినములు ఎట్లు గడచియుండునో తీరవాసులకు చెప్పనక్కరలేదు.

తోడు పడవ, త్రాడు

ఎన్ని సాధనములు వచ్చినను, చెడిన పడవను ఇంటికి తెచ్చునది నేటికిని తరచు మరియొక చేపల పడవయే. తన వేటను మానుకొని, తన చమురును కాల్చి, ఆపదలోనున్న పడవను లాగుకొనివచ్చుట మన తీరమున పరువైన ధర్మము. నేడు తాను లాగినవాడు రేపు తనను లాగునని అందరును ఎరుగుదురు.

లాగుటలోను ఒక విద్య కలదు. చెడిన పడవ ప్రక్కకు ఆనుకొనరాదు, అలలలో రెండును ఢీకొని పగులును. సన్నని త్రాటిని విసరి, దానికొనను పెద్ద త్రాటిని అందింపవలయును. దానిని ఒక్క గుంజకు గాక, పడవ ముక్కున రెండు ప్రక్కలకును పంచి కట్టినచో బరువు సమముగా పడును. త్రాడు పొడవుగానుండి నడుమ కొంత నీటిలో మునిగియుండుట మేలు, అల లాగిన ఈడ్పును ఆ వ్రేలాట మ్రింగును. రెండు పడవలును ఒకేసారి అలలనెక్కి ఒకేసారి దిగునట్లు పొడవును సరిచేయుదురు. బిగిసిన త్రాటియొద్ద ఎవరును నిలువరాదు. తెగినచో అది కొరడావలె కొట్టును. గొడ్డలి మాత్రము చేరువనుండవలయును.

1996 నేర్పిన పాఠము

నిర్మలమైన దినమున యంత్రము ఆగినచో అది ఆలస్యము. తుపాను దినమున ఆగినచో అది మృత్యువు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను గోదావరి డెల్టాను చిన్నాభిన్నము చేసెను. చనిపోయినవారు వేయిమందికి పైబడిరి. అది రొయ్యలవేట ముమ్మరముగా సాగు కాలము. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి పల్లెలనుండి సముద్రముపైకి పోయినవారెందరో తిరిగి రాలేదు. ఒడ్డున హెచ్చరిక ఉన్నను, సముద్రముపైనున్న పడవకు దానిని వినిపించు సాధనము చాలవరకు లేదు. యంత్రము దూరమును ఇచ్చినది గాని చెవిని ఈయలేదని ఆ రాత్రి తేటపడెను.

కేక వినబడు సాధనములు

1977లో ఆరంభమైన భారత తీరరక్షక దళము నేడు సముద్రమున వెదకుటకును రక్షించుటకును బాధ్యత వహించుచున్నది. పడవలలో చేతి రేడియోలు వచ్చినవి. 16వ చానలు ఆపదపిలుపులకు నియమితము. ఉపగ్రహములచే తావును తెలుపు జీపీయస్ పరికరము కొండగుర్తుల పనిని చేయుచున్నది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన ఆపద సంకేత యంత్రమున మీటను నొక్కినచో, పడవయున్న తావుతో కూడిన వార్త ఉపగ్రహము మీదుగా చెన్నైలోని తీరరక్షక కేంద్రమునకు చేరును. 2024 జనవరిలో విడుదలయైన దాని రెండవ రూపమున, వార్త అందినదని తిరుగు సమాధానము పడవకు వచ్చును. నడిసంద్రమున చిక్కినవానికి ఆ సమాధానము సగము బలము. ఫోను పలుకు దూరమునను ఒడ్డునను తీరరక్షక దళమునకు 1554, తీర పోలీసులకు 1093 అను సంఖ్యలు కలవు. 1999లో ఏర్పడిన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము అలల ఎత్తును, చేపలు దొరకు తావులను గూర్చిన సూచనలను ప్రకటించుచున్నది.

ఇవి గొప్ప సాధనములు. అయినను బ్యాటరీ అయిపోయిన రేడియో మూగది. ఇంటి అటకపైనున్న సంకేత యంత్రము ఎవరిని రక్షింపదు.

ఒడ్డున చేయవలసిన పని

సముద్రమున పడవ చెడినప్పుడు చేయు పనిలో అధికభాగము ఒడ్డుననే చేయవలసియున్నది. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిలిపివేయుదురు. చేపలు గ్రుడ్లుపెట్టి పెరుగుటకు ఏర్పరచిన ఈ విరామము పడవలకును చికిత్సాకాలము. పలకల సందులు పూడ్చుటకును, ఇరుసు చూచుటకును, వడపోతలు మార్చుటకును, తుప్పుపట్టిన లంగరు గొలుసును తీసివేయుటకును ఇంతకంటె మంచి సమయము లేదు. ప్రతి పడవలోను ఒక అదనపు బెల్టు, వడపోత, పంపు రబ్బరుచక్రము, పొడవైన త్రాడు, దివిటీ, రెండు దినములకు మించిన నీరు ఉండుట ఖర్చు కాదు, భీమా. డ్రైవరుతోపాటు మరియొకడైనను డీజిలులోని గాలిని తీయ నేర్చియుండవలయును. డ్రైవరు జ్వరపడినచో యంత్రము చెడినట్లే గదా.

గ్రంథాలయమునకును ఇందు పాత్ర కలదు. 1950, 60 దశకములలో అనేక గ్రామములయందు గ్రంథాలయములోనో పంచాయతీలోనో నుండిన రేడియోయొద్ద జనులు సాయంకాలము గుమికూడి వార్తలతోపాటు వాతావరణ సూచనలను వినెడివారు. తీరగ్రామ గ్రంథాలయము నేడు చేయదగిన పని మరియొకటి కలదు. పటాలమున ఒక పుస్తకమునుంచి, వేటకు పోవు ప్రతి పడవ సంఖ్యను, ఎందరు పోయిరో, ఏ దిక్కునకు పోయిరో, ఎప్పుడు తిరిగి వచ్చెదరో వ్రాయించుట. వచ్చినపిమ్మట యంత్రము ఎక్కడ ఆగినది, ఎటు కొట్టుకొనిపోయినది, ఎట్లు బాగుపడినది రెండు మాటలు చేర్చుట. పది సంవత్సరములకు ఆ పుస్తకము ఆ తీరపు నీటివాలును గూర్చి, యంత్రపు రోగములను గూర్చి ఏ గ్రంథమునందును దొరకని విజ్ఞానమగును. వృద్ధులైన సరంగుల నోట మాత్రమే నిలిచియున్న విద్య వారితో పోకుండ నిలుచును.

పడవ వేళకు రానిరాత్రి ఒడ్డున దీపము పట్టుకొని నిలిచినవారికి మొదట కావలసినది ఆ పుస్తకములోని ఒక్క పంక్తియే. ఎటు వెదకవలెనో అది చెప్పును.